ధర్మాసుపత్రి, ఆరోగ్యశ్రీ, మన ఆరోగ్య హక్కు

(జిల్లా మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



"సార్వత్రిక ప్రజావైద్యం, ప్రైవేటు వైద్యం: ఒక పోలిక" అని నాకు విషయం ఇచ్చారు. పేరు వింటే యూనివర్సిటీ సెమినారులా ఉంది. మనలో చాలామంది పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చినవాళ్లం, మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చే సమయం. అందుకని సిద్ధాంతంతో కాకుండా మనందరికీ తెలిసిన గర్భసంచితో మొదలుపెడతాను.

ఒక వ్యవసాయ కూలీ సంగతి చెబుతాను. పేరు, ఊరు వద్దు. ఇరవై ఏడేళ్లు. పదిహేనో ఏట పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఇరవై నిండకుండానే కు.ని. ఆపరేషన్. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని మూడుసార్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. లేడీ డాక్టరు పోస్టు ఖాళీ. మగ డాక్టరుకి ఈమె చెప్పలేదు, ఆయన అడగలేదు. నర్సమ్మ బలం బిళ్లలు ఇచ్చి పంపింది. నాలుగోసారి ఊళ్లో ఆరెంపీ తానే తోడు వచ్చి పట్నంలో నర్సింగ్ హోంకి తీసుకెళ్లాడు. స్కానింగ్ తీశారు. "సంచికి పుండు పడింది. ఉంచితే క్యాన్సరవుతుంది. పిల్లలు చాలు కదా, ఇంక ఆ సంచితో నీకేం పని?" అన్నారు. ఆమె భర్త మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. వారంలో ఆపరేషన్ అయిపోయింది. నేను ఆ కాగితాలు చూశాను. డిశ్చార్జి షీటులో మూడే లైన్లు. క్యాన్సరు ఉందో లేదో తేల్చే పరీక్ష ఒక్కటి చేసినట్లు లేదు. అండాశయాలు ఉంచారో తీసేశారో కూడా రాయలేదు.

"నాట్లకి వంగలేకపోతున్నానక్కా, ఒళ్లంతా ఆవిర్లొస్తన్నాయి, రాత్రిళ్లు నిద్రుండదు" అంది. ఇరవై ఏడేళ్ల మనిషికి యాభై ఏళ్ల మనిషి బాధలు. ఆమెకి వచ్చింది మామూలు ఇన్ఫెక్షను అయివుంటే, సరిగా పరీక్ష చేసి, వారం పది రోజులు మందులు వాడించి, అవసరమైతే భర్తకి కూడా మందులిస్తే తగ్గిపోయేది.

ఇది ఒక్క మనిషి దురదృష్టం అనుకోకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో మొదటిసారి ఈ లెక్క అడిగింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో జరిగిన ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మన తెలుగు స్త్రీల గర్భసంచులు మాత్రమే ప్రత్యేకంగా చెడిపోవడానికి వైద్యశాస్త్రంలో కారణమేదీ లేదు. ఈ సర్వే రాకముందే మెదక్ ప్రాంతంలో డాక్టర్ వింజమూరి ప్రకాష్, డాక్టర్ కామేశ్వరి ఊరూరా తిరిగి ఈ విషయం బయటపెట్టారు. అప్పుడు వాళ్ల మాట విన్నవాళ్లు తక్కువ.

మరి కారణం ఎక్కడుంది? డాక్టర్లందరూ దుర్మార్గులని చెబితే సులువుగా తేలిపోతుంది, చప్పట్లు కూడా పడతాయి. అది నిజం కాదు. కారణం డబ్బు వచ్చే దారిలో ఉంది. ప్రైవేటు ఆసుపత్రికి పనిని బట్టి డబ్బు. స్కానింగుకి ఇంత, ఆపరేషనుకి ఇంత, గదికి ఇంత. అరగంట కూర్చోబెట్టి అడిగి, పరీక్ష చేసి, మందు రాసి, "నీకు కోత అక్కర్లేదమ్మా" అని పంపేసిన డాక్టరుకి వచ్చేది కన్సల్టేషన్ ఫీజు మాత్రమే. కోసిన డాక్టరుకి వేలు. మధ్యలో తీసుకొచ్చిన ఆరెంపీకి కమీషను. భవనం మీద బ్యాంకు అప్పు, స్కానింగ్ మిషను మీద వాయిదాలు. ఎంత మంచి మనిషైనా ఆ కుర్చీలో కూర్చుంటే నెలాఖరుకి ఆ లెక్క ఎదురుగా ఉంటుంది. జీతం మీద పనిచేసే డాక్టరుకి కోసినా కోయకపోయినా అదే జీతం. రెండు వ్యవస్థలకీ అసలు తేడా ఇక్కడుంది. ఏసీ గదులు, శుభ్రమైన దుప్పట్లు ఆ తర్వాతి సంగతి.

ఇక్కడ ఎవరైనా లేచి, "ఆరోగ్యశ్రీ ఉంది కదా, డబ్బు ప్రభుత్వమే కడుతోంది కదా" అని అడగాలి. అడగలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను.

ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టారు. 2008కల్లా రాష్ట్రమంతా విస్తరించారు. అప్పట్లో తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా పెద్ద జబ్బుల ఖర్చు ప్రభుత్వం భరించేది. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. గుండెకి రంధ్రంతో పుట్టిన పిల్లలు బతికారు. పొలం అమ్మకుండా క్యాన్సరు వైద్యం చేయించుకున్నవాళ్లు ఈ గదిలోనే ఉండొచ్చు. అంతకుముందు వాళ్లంతా ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరాలు పట్టుకుని తిరిగినవాళ్లే.

కానీ డబ్బు ఎక్కడికి వెళ్లిందో చూడండి. మొదటి సంవత్సరాల్లో అందులో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రులకే చేరింది. ఒక్కో ఆపరేషనుకి ఒక్కో ప్యాకేజీ, ఒక్కో ధర. అంటే పనిని బట్టి డబ్బు అనే సూత్రం మారలేదు, కట్టే చెయ్యి మాత్రమే మారింది. అంతకుముందు మన దగ్గర డబ్బు లేకపోవడమైనా కోతకి కొంత అడ్డం. కార్డు వచ్చాక ఆ అడ్డమూ పోయింది. గర్భసంచి ఆపరేషన్ల మీద గొడవ పెరిగాక, దాన్ని ప్రైవేటు ఆసుపత్రుల జాబితా నుంచి తప్పించి ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. బీహార్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో ఇలాంటి బీమా కార్డుల మీదే స్త్రీల గర్భసంచులు తీసేశారని సుప్రీంకోర్టులో కేసు నడిచింది. 2013లో వేసిన ఆ పిటిషను మీద 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. అనవసర హిస్టరెక్టమీలను అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని కోర్టు చెప్పింది. మీ జిల్లాలో ఈ తీర్పు గురించి వైద్యాధికారిని ఎవరైనా అడిగారా? వినతిపత్రం ఇవ్వడానికి ఇది మంచి సందర్భం.

ఇంకో మాట. స్త్రీలకి రోజూ వచ్చే బాధల్లో ఎన్ని ఈ కార్డులో ఉన్నాయి? 2019-21 సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా, వందకి యాభై ఏడెనిమిది మంది, రక్తహీనతతో ఉన్నారు. దానికి ఆపరేషను ప్యాకేజీ లేదు. తెల్లబట్టకి, మూత్రంలో మంటకి, బీపీకి, సుగరుకి నెల నెలా మింగే బిళ్లకి ఆపరేషను అక్కర్లేదు. దగ్గర్లో ఒక ఆసుపత్రి, అందులో మనిషి, ఆ మనిషి దగ్గర మందు ఉంటే చాలు. తమిళనాడు 1994లో మందులు కొని పంచడానికి ప్రభుత్వ సంస్థ పెట్టుకుంది. మందులు పెద్దమొత్తంలో చౌకగా కొని, గిడ్డంగుల నుంచి ఊళ్ల ఆసుపత్రుల దాకా పంపే పద్ధతి అది. చూడటానికి చాలా చప్పగా ఉండే పని. ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించడానికి కూడా ఏమీ ఉండదు. కానీ పేద ఇంట్లో డబ్బు ఎక్కువగా మందుల షాపులోనే పోతుంది కాబట్టి ఆదుకునేది అదే.

కార్డులో ఇంకో చిక్కు ఉంది. అది కుటుంబానికి ఇచ్చేది. పుట్టింటి కార్డులో పేరు తీసేసి అత్తింటి కార్డులో ఎక్కించని కొత్త కోడలు, భర్త వదిలేసిన మనిషి, వేరే కాపురం పెట్టినా కార్డు విడిపోని వితంతువు, ఊరు విడిచి వలస వెళ్లినామె, వీళ్లంతా ఆసుపత్రి గుమ్మంలో ఎవరి భార్యో, ఎవరి తల్లో రుజువు చేసుకోవాలి.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు కాబట్టి ఇంగ్లండు సంగతి చెబుతాను. అక్కడ 1911లో కార్మికులకి ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. జీతం తెచ్చే కార్మికుడికి డాక్టరు ఉచితం. అతని భార్యకి, పిల్లలకి లేదు. 1939లో మార్జరీ స్ప్రింగ్ రైస్ అనే ఆవిడ 1,250 మంది కార్మికుల భార్యల ఆరోగ్యం గురించి సేకరించిన వివరాలతో పుస్తకం ప్రచురించింది. రక్తహీనత, పళ్ల జబ్బులు, నడుం నొప్పి, కాళ్లలో ఉబ్బిన నరాలు. డాక్టరు ఫీజు ఇచ్చుకోలేక ఏళ్ల తరబడి ఓర్చుకున్నవాళ్లు. మన ఊళ్లో ఏ వీధిలో రాసుకున్నా అదే జాబితా వస్తుంది. 1948 జులై 5న అక్కడ జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. మంత్రి అన్యూరిన్ బెవన్, వేల్స్ గని కార్మికుల ఇంటి బిడ్డ. పన్నుల డబ్బుతో నడుస్తుంది, వైద్యం చేయించుకునేటప్పుడు బిల్లు ఉండదు, దేశంలో ఉండే ప్రతి మనిషికీ. భర్తకి ఉద్యోగం ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. గర్భసంచి జారి పట్టీలతో కట్టుకుని పనిచేసుకుంటున్న ఆడవాళ్లు అప్పుడు డాక్టర్ల ముందు బారులు తీరారు. ఏళ్లుగా ఉన్న జబ్బు ఆ ఏడాదే బయటికి వచ్చింది. దేశం యుద్ధంలో చితికిపోయి, రేషను మీద తిండి తింటున్న రోజులవి. డబ్బున్న దేశాలకే ప్రజావైద్యం సాధ్యం అనేవాళ్లకి ఈ సంగతి చెప్పండి.

ఆ వ్యవస్థని నడపడానికి మన దేశం నుంచి వేలాది డాక్టర్లు వెళ్లారు. విశాఖ, గుంటూరు, హైదరాబాదు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మన డబ్బుతో చదువుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అక్కడి ప్రజావైద్యానికి మనవాళ్లు పనికొచ్చారు. మనకి 1946లోనే భోర్ కమిటీ, డబ్బు ఇచ్చుకోలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని రాసింది. ఆ నివేదిక అమలైనంతవరకు అమలైంది, మిగిలింది బీరువాలో ఉంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం, ప్రభుత్వాలు ఆరోగ్యం మీద పెట్టే ఖర్చు 2025కల్లా జాతీయోత్పత్తిలో 2.5 శాతం చేస్తామంది. 2021-22లో, అదీ కోవిడ్ ఏడాది కూడా, అది 1.84 శాతం.

థాయిలాండు మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ. వరి పండించే దేశం. 2002లో అందరికీ వైద్యం పథకం తెచ్చారు. మొదట్లో వైద్యానికి వెళ్లినప్పుడల్లా రోగి కట్టింది 30 బాత్‌లు, నిరుపేదలకి అదీ లేదు. ఇది పైకి బీమాలా కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, అంతకు ముందే వాళ్లు పాతికేళ్లుగా ప్రతి జిల్లాలోనూ ప్రభుత్వ ఆసుపత్రులు కట్టుకున్నారు. డాక్టరు చదువు అయ్యాక పల్లెల్లో పనిచేయడం తప్పనిసరి చేశారు. మామూలు వైద్యానికి ఆసుపత్రికి డబ్బు చేసిన పనిని బట్టి కాదు, తన కింద పేరు నమోదైన జనాభాని బట్టి వస్తుంది. అంటే అక్కడ మనం ఆరోగ్యంగా ఉంటేనే ఆసుపత్రికి లాభం. మనం ముందు కార్డు పంచాం, ఆసుపత్రుల సంగతి తర్వాత చూద్దామనుకున్నాం. 2023లో తెలంగాణలో కార్డు పరిమితి 10 లక్షలకి, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకి పెంచారు. బకాయిలు చెల్లించలేదని 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపేశాయి. 25 లక్షల కార్డు ఆ రోజుల్లో ఎందుకు పనికొచ్చిందో డయాలసిస్ మీద ఉన్నవాళ్లని అడగాలి.

ఇప్పుడు మీలో కొంతమంది ముఖాలు చూస్తే తెలుస్తోంది. "మా ఊరి సర్కారు దవాఖానకి ఒక్కసారి రా అక్కా, తర్వాత మాట్లాడు" అంటున్నాయి. వస్తాను. ఆ సంగతి దాచిపెట్టి ప్రజావైద్యం గురించి మాట్లాడటం మోసం.

కాన్పు గదిలో నొప్పులకి అరిస్తే తొడ మీద కొట్టడం, "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు" అనడం, బిడ్డ పుడితే ఆయమ్మ డబ్బులడగడం, ఆడపిల్లైతే ఒక రేటు మగపిల్లాడైతే ఒక రేటు. ఇవి మనకి కొత్త కాదు. చాలామంది అప్పుచేసి ప్రైవేటుకి వెళ్లేది జబ్బు భయంతో కంటే ఈ అవమానం భయంతోనే. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మందికి కు.ని. ఆపరేషన్లు చేస్తే, కొద్ది రోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయారు. ఇలాంటి క్యాంపులు మూడేళ్లలో ఆపేయాలని సుప్రీంకోర్టు 2016లో దేవికా బిశ్వాస్ కేసులో చెప్పింది. అయినా జరిగింది. స్త్రీ శరీరాన్ని ఒక టార్గెట్‌గా చూసే అలవాటు ప్రైవేటు సొత్తు మాత్రమే కాదు.

అయినా ఒక తేడా ఉంది. ఇబ్రహీంపట్నంలో ఎంతమందికి ఆపరేషను చేశారో లెక్క ఉంది. విచారణ జరిగింది, అధికారుల మీద చర్య తీసుకున్నారు, చనిపోయినవాళ్ల కుటుంబాలకి పరిహారం ప్రకటించారు. చాలా తక్కువ, నిజమే. కానీ నిలదీయడానికి మనకి ఒక తలుపు ఉంది. నేను మొదట చెప్పిన చెల్లెలు ఏ తలుపు కొట్టాలి? ఆ నర్సింగ్ హోంలో ఆ ఏడాది ఎన్ని గర్భసంచులు తీశారో నాకు తెలియదు, జిల్లా వైద్యాధికారిని అడిగితే ఆయనా చెప్పలేకపోయారు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కి మనకి 2002లోనే చట్టం వచ్చింది. గోడ మీద సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంటుంది, అంతే.

కాన్పుల లెక్క కూడా ఇలాగే చూడాలి. 2019-21 సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో వంద కాన్పులకి 81.5 పెద్దాపరేషన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 63. అదే సమయంలో తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5, ఆంధ్రప్రదేశ్‌లో 26.6. ఆ 44.5 చూసి మనం సిగ్గుపడాలి, అది కూడా చాలా ఎక్కువే. దాని వెనక మొదటి కాన్పుకి ప్రైవేటులో కోయించుకుని రెండోదానికి ప్రభుత్వానికి వచ్చినవాళ్లు ఉన్నారు, పంతులు పెట్టిన ముహూర్తాలున్నాయి, నొప్పులప్పుడు పక్కన నిలబడే మనిషి లేకపోవడం ఉంది. కానీ అదే రాష్ట్రంలో ఇంకోటి జరిగింది. 2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సులకి మంత్రసాని విద్యలో పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టారు. ఆ ఏడాదే కాన్పుకి వచ్చినవాళ్లకి నగదు, కిట్టు, ఇంటికి వాహనం ఏర్పాటు చేశారు. 2015-16లో తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగిన కాన్పులు నూటికి ముప్పై చిల్లర, 2019-21 నాటికి దాదాపు యాభై. అంటే ఆడవాళ్లకి ప్రైవేటు మీద మోజేమీ లేదు. మర్యాద, మందు, మనిషి ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికే వస్తారు.

ఒక మాట చెప్పి కాగితాల పనిలోకి వెళదాం. మన పెద్దవాళ్లు ప్రభుత్వ ఆసుపత్రిని "ధర్మాసుపత్రి" అనేవాళ్లు. ఎవరో ధర్మం చేస్తున్నారు, మనం తలొంచుకుని పుచ్చుకోవాలి అన్నట్లుంటుంది ఆ మాట. చట్టం కూడా కొంతవరకు అలాగే చూసింది. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రుల్ని అందులోంచి మినహాయించింది. డబ్బు కట్టినవాళ్లే వినియోగదారులట. సబ్బుబిళ్ల మీద, అగ్గిపెట్టె మీద పన్ను కట్టే కూలీ మనిషి ఏమీ కట్టనట్టు లెక్క. ఆ మరుసటి ఏడాదే, 1996లో, ఇంకో తీర్పు వచ్చింది. రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలిన ఒక కూలీ సంఘం సభ్యుణ్ణి కలకత్తాలోని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకల్లేవని తిప్పి పంపేశాయి. చివరికి ప్రైవేటులో 17,000 ఖర్చుపెట్టి బతికాడు. పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కోర్టుకి వెళ్లింది. అత్యవసర వైద్యం నిరాకరించడం 21వ అధికరణాన్ని, అంటే జీవించే హక్కును, ఉల్లంఘించడమేనని, డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోలేదని కోర్టు చెప్పి, 25,000 పరిహారం ఇప్పించింది. కేసు వేసింది డాక్టర్ల సంఘమో, లాయర్ల సంఘమో కాదు, వ్యవసాయ కూలీల సంఘం. 2023లో రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టమే చేసింది. ప్రైవేటు డాక్టర్లు రోడ్డెక్కారు, చట్టంలో కొంత తగ్గించుకోవాల్సి వచ్చింది, కానీ చట్టం వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో ఆ చర్చ కూడా మొదలు కాలేదు.

మనం చేయదగింది ఏమిటంటే, ముందు లెక్క పోగుచేయడం. ఒక్కొక్కరు మీ ఊళ్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లని పదిమందిని కలవండి. ఎన్నేళ్ల వయసులో, ఎక్కడ, ఎవరు తీసుకెళ్లారు, ఏమని భయపెట్టారు, ముందు ఏ పరీక్షలు చేశారు, ఎంతైంది, అప్పు తీరిందా, ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది. ఆమె ఇష్టం లేకుండా పేరు రాయొద్దు, ఇంట్లో మగవాళ్ల ముందు అడగొద్దు. రెండోది, మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నెలలో రెండు మంగళవారాలు వెళ్లి డాక్టరు ఉన్నారా, ఐరన్ బిళ్లలున్నాయా, ఆడవాళ్లని పరీక్ష చేయడానికి తలుపున్న గది ఉందా అని రాసుకురండి. ఆ గది లేకపోవడం వల్లే ఎన్ని గర్భసంచులు పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

డిశ్చార్జి షీట్లు తెమ్మని కబురు పెట్టాం కదా, తెచ్చినవాళ్లు ముందుకి రండి. రోగికి తన కాగితాలన్నీ తీసుకునే హక్కు ఉంది, ఇవ్వకపోతే ఎలా అడగాలో కూడా చూద్దాం. టీ తాగి రండి, ఒక్కో కాగితం తీసుకుని లైను లైనుగా చదువుదాం.